పేర్లు రోడ్డు వైపు

మా పక్కింటి చాచా పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను చిత్తూరు బస్టాండులో టీ కొట్టు ముందు నిలబడి ఎవరితోనో వాదిస్తున్నాను. దేని గురించో ఇప్పుడు గుర్తు లేదు. "అన్నా, అబ్బా పోయినాడన్నా. అంగిట్లోనే పోయినాడు," అంది. నేను నోరు తెరిచేలోగా తనే మళ్ళీ, "ఎవురూ ఏమీ చేయలేదన్నా. కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు. నువ్వు ఫోన్లో ఏమీ పెట్టబాకన్నా, నీకు దండం పెడతా," అంది.

తండ్రి దేహం ఇంకా ఇల్లు చేరలేదు. అప్పటికే ఆ అమ్మాయి నా గురించి భయపడాల్సి వచ్చింది. ఆ భయం నేను సంపాదించుకున్నదే. ఎలా సంపాదించుకున్నానో కింద చెబుతాను, దాచుకోను. ఇది ఆమెను అడిగే రాస్తున్నాను. ఎవరి పేరూ ఉండకూడదంది, అంగడి ఏ ఊరి పొలిమేరలో ఉందో చెప్పకూడదంది. చంద్రగిరి చుట్టుపక్కల అని మాత్రం రాసుకోమంది.

మట్టి ఇచ్చి ఇంటికొచ్చేసరికి తిరుపతి పెద్దమనుషులు కొందరు ఫోన్లలో ఆయన ఫోటో పెట్టేశారు. మతసామరస్యానికి ప్రతీక అట. అందులో ఒకాయన నాకు బాగా తెలుసు. చాచా అంగడిని కూలగొట్టిన రోజు వచ్చి, ఇటుకల మధ్య నుంచి ఒక ఇత్తడి దీపపు సెమ్మె బయటికి లాగి, "ఇదెట్లాగూ వంగిపోయింది కదా సాయిబూ, ఎంతకిస్తావు?" అని అడిగిన మహానుభావుడు. ప్రతీక అనే మాట మీద నాకు ఎప్పటినుంచో మంట. మనిషి కూర్చోవడానికి జాగా ఇవ్వనివాళ్ళే అతన్ని ప్రతీకను చేస్తారు. ప్రతీకకు అద్దెగది అక్కర్లేదు కదా. కరెంటు మీటరు అక్కర్లేదు. పోయాక చేస్తే ఇంకా మేలు, ఎదురు మాట్లాడడు.

ఆయన ప్రతీక కాదు. పాత సామాన్లు అమ్ముకునే మనిషి. ముప్పై ఏళ్ళు నా పక్కింటాయన. వేళ్ళన్నిటికీ ఇత్తడి వాసన వచ్చే మనిషి.

వయసులో ఉన్నప్పుడు ఆయన తిరుపతిలో ఒక పాత్రల కొట్టు మెట్ల కింద కూర్చుని పేర్లు కొట్టేవాడు. ఇప్పటి పిల్లలు ఈ పని చూసి ఉండరు. పెళ్ళికి బిందెలు, గంగాళాలు, చెంబులు కొంటే మెడ కింద పేరు చెక్కించేవాళ్ళు. చిన్న ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతే అక్షరం అవుతుంది. ఆయన చదివింది ఉర్దూ బడిలో, అదీ నాలుగో క్లాసు దాకా. తెలుగు అక్షరాలు ఇత్తడి మీదే నేర్చుకున్నాడు. అందుకేనేమో కాగితం మీద రాయమంటే ఆయన చెయ్యి తడబడేది.

పాత్రల మీద సాధారణంగా ఇచ్చినవాళ్ళ పేరు కొట్టించేవాళ్ళు, ఫలానా మేనమామ, ఫలానా పెదనాన్న అని. ఈయన సుత్తి పక్కన పెట్టి మొదలుపెట్టేవాడట. "ఆడబిడ్డ పేరు కొట్టించుకోండమ్మా. ఇచ్చినోళ్ళు ఇచ్చి పోతారు. పొద్దన్నే లేసి దీన్ని తోమేది ఈ బిడ్డ." కొందరు విసుక్కునేవాళ్ళు. కొందరు సరే అనేవాళ్ళు. నేను సభల్లో గొంతు చించుకుని చెప్పే మాటని ఈయన మెట్ల కింద కూర్చుని, ఒక్కో బిందెకు ఒక్కో తల్లితో వాదించి, జరిపించేశాడు. ఆ లెక్కన మా జిల్లాలో ఎన్ని వంటిళ్ళలో ఆడవాళ్ళ పేరు ఉన్న ఒకే ఒక్క వస్తువు ఈయన చేతి మీదుగా వెళ్ళిందో.

తర్వాత కరెంటు మిషను వచ్చింది. కొట్టువాళ్ళు మెట్ల కింద జాగాలో ప్లాస్టిక్ కుర్చీలు పేర్చుకున్నారు. ఆయన ఉలి సంచిలో వేసుకుని, తుక్కు కొనేవాళ్ళ దగ్గర తిరిగి, పాత సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. పింగాణి జాడీలు, ఊయల గొలుసులు, తూకపు రాళ్ళు, కుంపట్లు, దీపాలు, పాన్‌దాన్లు. వాటితోపాటు, తుక్కులో కలిసి వచ్చే ఇత్తడి బిందెలు. ఎత్తి చూస్తే మెడ కింద తను కొట్టిన పేర్లే.

ఇక్కడ కాసేపు ఆగండి. మనం పురాతన వస్తువులు, వారసత్వ సంపద అని మురిసిపోతుంటాం కదా. హోటలు వరండాలో నీళ్ళు పోసి గులాబీ రెక్కలు తేలవేసిన గంగాళాన్ని చూసి, పెళ్ళిబృందాలు పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటాయి కదా. అది అక్కడికి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగారా? ఏ ఇల్లూ సంతోషంగా ఉన్నప్పుడు గంగాళం అమ్ముకోదు. ఆ వరండాలో తళతళలాడేది ఒక కరువు సంవత్సరం. ఎండిన ఒక బోరుబావి.

ఒక హోటలు ఆయన వచ్చి గంగాళం బేరం చేసినప్పుడు నేను అంగట్లోనే ఉన్నాను. "ఈ పేరు గీకేసి ఇయ్యి సాయిబూ, చూడ్డానికి బాగుండదు," అన్నాడు.

"గీకితే బొక్క పడుతుంది సార్."

"ఇంత మందం ఇత్తడికి బొక్క ఎట్లా పడుతుందయ్యా?"

"దానికి పడదు సార్. నాకు పడుతుంది."

ఆయన కొనకుండా వెళ్ళిపోయాడు. నాలుగు అంగళ్ళ అవతల పేర్లు గీకి అమ్మేవాళ్ళు ఉండనే ఉన్నారు.

పేరున్న పాత్ర వస్తే చాచా దాన్ని వెంటనే అమ్మేవాడు కాదు. అంగడి ముందు ఒక పొడుగాటి బల్ల ఉండేది. ఇంతజార్ బల్ల అనేవాడు దాన్ని. ఇంతజార్ అంటే ఎదురుచూపు. పేరున్న ప్రతి పాత్రా ఆ బల్ల మీద ఏడాది కూర్చోవాలి. పొద్దున అంగడి తెరవగానే ఆయన మొదటి పని ఆ పాత్రలను ఒక్కొక్కటిగా తిప్పి, పేర్లు రోడ్డు వైపు ఉండేట్టు నిలబెట్టడం. ముందు బొటనవేలితో తడిమి చదివేవాడు, తర్వాతే కళ్ళద్దాలు. దారిన పోయే ఆడవాళ్ళు బస్సులోంచో ఆటోలోంచో చూసి, తమ పేరో తమ అక్క పేరో కనబడితే దిగి వస్తారని ఆయన ఆశ. నేను నవ్వేవాణ్ణి. కానీ వచ్చేవాళ్ళు. నేను కళ్ళారా చూశాను. పులిచెర్ల వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె తన చెంబును ఒళ్ళో పెట్టుకుని, పావుగంట కూర్చుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఎత్తుకుపోయి ఏం చేసుకోవాలి పాపం, ఇంట్లో ఎవరూ లేరట.

"నాది పాత సామాన్లు అమ్మే అంగిడి గాదప్పా," అనేవాడు నాతో. "పేర్లు దాచిపెట్టే అంగిడి. పొట్ట గడిచేదానికి రొండు మూడు అమ్ముకుంటా."

ఇంత జాగ్రత్త ఆయనకు పుట్టుకతో రాలేదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నాడు. ఆ తప్పు సంగతి ఆయనే చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు.

అంగడి పెట్టిన కొత్తలో, కరువు రోజుల్లో, ఒక బిందె వచ్చింది. తను కొట్టిన పేరే. పెళ్ళికూతురు తల్లితో గంటసేపు వాదించి కొట్టిన పేరు కాబట్టి ఆ అమ్మాయి అత్తగారి ఊరు కూడా గుర్తుంది. ఎవరో దొంగిలించి అమ్మేసి ఉంటారనుకున్నాడు. బిందెను గోనెసంచిలో చుట్టి బస్సెక్కి ఆ ఊరు పోయాడు. ఇంటి ముందు ఆమె భర్త చెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఈయన పండగ వార్త తెచ్చినవాడిలా సంచి విప్పి, "సూడు నాయనా, మీ ఇంటి బిందె! ఎవుడో ఎత్తుకొచ్చి తుక్కుకు ఏసినాడు. నా కంట్లో పడబట్టి సరిపాయ," అన్నాడు.

భర్త బిందె వైపు చూశాడు. తర్వాత వాకిట్లోకి వచ్చి నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆ చూపుతో చాచాకు అర్థమైపోయిందట. కానీ తీసిన బిందెను మళ్ళీ సంచిలో ఎలా పెడతాడు?

కూతురి పరీక్ష ఫీజుకు ఆమే అమ్ముకుంది. ఆడపిల్లకు చదువెందుకు అని భర్త ఇవ్వనంటే, ఎవరికీ తెలియకుండా అమ్ముకుంది. అటకెక్కించానని చెప్పింది ఇంట్లో.

పది రోజుల తర్వాత ఆమె ఆ బిందెను చంకలో పెట్టుకుని అంగడికి వచ్చింది. పైపెదవి చీలి, ముందు పళ్ళు రెండు లేవు. ఆమె అన్న మాటను చాచా నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పేవాడు. "సాయిబన్నా, నా పేరు నువ్వే కొడితివి. నా పండ్లు గూడా నువ్వే రాలగొడితివి."

ఈయన తల ఎత్తలేదు. ఆమె బిందెను బల్ల మీద పెట్టింది. "ఇది ఆ ఇంట్లో ఉండేదానికి లేదు. నీ కాడ్నే పెట్టుకో. నాకంటూ ఒక జాగా వచ్చిననాడు ఎత్తుకుంటా," అని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఆయన కట్టుబాటు మారింది. పేరున్న మనిషికే చెప్పాలి. మొగుడికి కాదు, కొడుక్కి కాదు, ఊరికి కాదు. పేర్లు రోడ్డు వైపు తిప్పడం కూడా అప్పుడే మొదలైంది. మనం వెతుక్కుంటూ పోకూడదు, వాళ్ళే చూసుకుని రావాలి. మిగతా బిందెలకు ఏడాదే గడువు. ఆమె బిందె మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఆ బల్ల మీదే ఉంది.

మంచివాళ్ళు తప్పు చేస్తే ఏం చేస్తారో నేను ఎక్కడెక్కడో చదివాను. ఈయన ఆ తప్పును రోజూ పొద్దున తుడిచి, రోడ్డు వైపు తిప్పి పెట్టుకునేవాడు.

రెండు వానాకాలాల కిందట గొడవ మొదలైంది. కొందరు బండ్ల మీద వచ్చారు. "ఏం సాయిబూ, మా దేవుళ్ళను అమ్ముకుంటా వుండావంట?" అన్నారు. అంగట్లో ఉన్నవి నాలుగు దీపాలు, మూడు చిన్న కంచు బొమ్మలు.

"అమ్మేదీ మీవాళ్ళే, కొనేదీ మీవాళ్ళే నాయనా. నడమన నేను తుడుస్తా వుండా, అంతే," అన్నాడు చాచా. వాళ్ళలో ఒకడికి నవ్వు వచ్చి ఆపుకున్నాడు. ఆపుకోకుండా ఉంటే ఎంత బాగుండేది.

తర్వాత రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. ఆ వరస అంగళ్ళన్నీ పోయాయి. ఈయనదొక్కటే పోయిందని అనను. కానీ మిగతావాళ్ళకు మరోచోట గదులు దొరికాయి, ఈయన అడిగిన ప్రతిచోటా గది అప్పుడే ఎవరికో మాట ఇచ్చేసి ఉండేది. ఎవరూ లేదని అనలేదు, అందరూ చాలా మర్యాదగా మాట ఇచ్చేసి ఉన్నారు. చివరికి ఒక పెద్దాయన, దేవుడి పటాల వ్యాపారి, తన గోడౌను పక్క గది ఇస్తానన్నాడు. నోటిమాటగా, గుట్టుగా.

ఆ వారమే నేను పత్రికకు వ్యాసం రాసి, ఫోన్లలోనూ పెట్టాను. మంచి వ్యాసం, ఇప్పటికీ అంటాను. అందులో ఒక వాక్యం: పటాలు అమ్మే హిందూ వ్యాపారే ముందుకొచ్చి గది ఇస్తుంటే ద్వేషానికి చోటెక్కడ అని. పేరు రాయలేదు. పటాల వ్యాపారులు ఆ వీధిలో ఎంతమంది ఉంటారు? మూడో రోజుకు ఆ పెద్దాయనకు ఫోన్లు మొదలయ్యాయి. నాలుగో రోజు ఆయన చాచా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే నిలబడి, "నన్ను మన్నించు భాయ్," అని వెళ్ళిపోయాడు.

నేను పరుగెత్తుకుంటూ పోయాను. చాచా వ్యాసాన్ని మడిచి దిండు కింద పెట్టుకుని ఉన్నాడు. "నీ రాత బాగుండాదప్పా," అన్నాడు. "చదివించుకున్నా. గది పోయింది, అంతే."

నేను నా తప్పు ఒప్పుకోకుండా ఇంకో వాదన ఎత్తుకున్నాను. కోర్టుకు పోదాం, ధర్నా చేద్దాం, అన్ని పత్రికల్లో ఎక్కిద్దాం. ఆయన అంతా విన్నాడు. విని, చాలా మెల్లగా అడిగాడు. "నీకు గెలిచేదానికి నా అంగిడే కావాల్నా?"

పోరాడేవాళ్ళు ఈ ప్రశ్నను పిరికితనం అని కొట్టిపారేయవచ్చు. నేనూ ఆ రోజు మనసులో అలాగే కొట్టిపారేశాను.

ఆ రెండేళ్ళు ఆ ఇంట్లో మంచాల కింద, బీరువా మీద, స్నానాల గది గోడవార అన్నీ గోనెసంచులే. కూతురు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వస్తూ ఇల్లు నడిపేది. ఆయన శుక్రవారం నమాజు నుంచి వచ్చి ఒక సంచి విప్పి, చింతపండు పెట్టి తోమి, తుడిచి, మళ్ళీ సంచిలో పెట్టి మూతి కట్టేవాడు. మనిషి సగమయ్యాడు. అంగడి గురించి ఎవరైనా అడిగితే, "రెస్టు ఇచ్చినా సామాన్లకు," అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించాను. ఇది కూడా రాసుకోవాలి నేను.

ఈ ఏడాది శివరాత్రి ముందర ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ముందు పళ్ళు రెండు కట్టించుకుని ఉంది. భర్త పోయి ఏడాదైంది, రోడ్డు పక్క చేను తన పేరుకు మారింది. "సాయిబన్నా, నాకు జాగా వచ్చింది. నా బిందె ఇయ్యి," అంది.

చాచా మూడు సంచులు విప్పి బిందె తీశాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, పేరు తడిమి, చుట్టూ సంచులు చూసింది.

"ఏంది, అంగిడి యాడుండాది?"

"లేదమ్మా."

"లేదంటే?"

కూతురు చెప్పింది. ఆమె విని, బిందెను మళ్ళీ ఆయన ముందు పెట్టేసింది. "నా చేన్లో పెట్టుకో అంగిడి. ఈ సారి చెనక్కాయ ఏయలేదు, బీడుగానే ఉండాది."

"నా మింద కోపం లేదా తల్లీ నీకు?"

"ఉండాది. కోపముంటే జాగా ఇయ్యగూడదా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈయనేనా రాసే ఆయన? నువ్వు రాయబాక సామీ. రాస్తే చేను దున్నించేస్తా," అంది. కూతురు పక్కకు తిరిగి నవ్వుకుంది. రెండేళ్ళలో ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

అలా అంగడి మళ్ళీ మొదలైంది. నాలుగు సవక కట్టెలు, పైన టార్పాలిన్, పాత ఇంతజార్ బల్ల. చేను నిండా పూలు. ఎవరూ వేసినవి కావు, ఎవరికీ అక్కర్లేనివి. గడ్డిచామంతులు, నేలను పట్టుకున్న నీలి విష్ణుక్రాంతలు, ముళ్ళ ఆకుల మధ్య పసుపుపచ్చగా విచ్చుకునే బలురక్కసి పూలు. ఎదురుగా కోట కొండ మీద ఆకు ఒక్కటి లేకుండా నిండా పసుపు పూసిన కొండగోగులు. నేను పలుగు తెచ్చి గడ్డి చెక్కేద్దామంటే చాచా ఒప్పుకోలేదు. "రంజాన్ అయ్యేలోగా ఎండకు అవే పోతాయిలే. మనం వచ్చింది వాటి జాగాలోకి," అన్నాడు. సామాన్లను పూలు తొక్కకుండా, సందు ఉన్నచోట్లే పెట్టాడు. గంగాళం కొంచెం వంకరగా, జాడీ కొంచెం దూరంగా, అలా.

ఉపవాసాలు మొదలయ్యాయి. మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఎండలో కూర్చుని, ఆగినవాళ్ళకు ఆమె బిందెలోంచి చెంబుతో నీళ్ళు ఇచ్చేవాడు. అంగడి నడిచినన్నాళ్ళు బిందె అక్కడే ఉండాలని ఆమె మాట. రోజూ పొద్దున పేర్లన్నీ రోడ్డు వైపు. అందరికన్నా ముందు ఆమె పేరు. మొదటి వారంలో ఒక ఉగ్గుగిన్నె, రెండు తూకపు రాళ్ళు అమ్ముడయ్యాయి. మనిషి ముఖంలో రక్తం కనబడింది. నాకు ఆ పదిహేను రోజులు చాలు అనిపిస్తుంది ఒక్కోసారి. ఆయనకు చాలలేదు. ఎందుకు చాలాలి?

కోట చూడ్డానికి వచ్చిన ఎవరో జంట ఆ పూలల్లో బిందెల్ని చూసి ముచ్చటపడి వీడియో తీసి పెట్టారు. వాళ్ళను తిట్టను. అందంగా ఉంది, తీశారు. నేను రాయకుండా ఉంటే సరిపోతుందనుకున్నాం, కానీ పూలే ఆయన్ని పట్టిచ్చాయి. వేల ఫోన్లు తిరిగాక అప్పట్లో బండ్ల మీద వచ్చిన ముఖాలే మళ్ళీ వచ్చాయి. ఈసారి అరవలేదు. ఒకడు ఇంతజార్ బల్ల ముందు కూర్చుని, ఒక్కో పాత్రనూ ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. పేర్లు దగ్గరగా. "ఇవన్నీ మనోళ్ళ ఇండ్లవే కదా. మన ఇత్తడి ఎవురెవురు ఎవురికి అమ్ముకున్నారో ఊర్లలో తెలియాల్నా వద్దా?" అన్నాడు. రామనవమి అయ్యాక మళ్ళీ వస్తామన్నారు.

మరుసటి రోజు నేను పోయేసరికి బల్ల మీది పాత్రలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. పేర్లన్నీ టార్పాలిన్ వైపు. ఆమె బిందె కూడా.

నాకు కోపం ముంచుకొచ్చింది. "భయపడినావా చాచా? ఇంతేనా?"

ఆయన ఇంకో చెంబు తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఇట్లా తిప్పుకుంటే వాళ్ళు గెలిచినట్టే. నీ ఇష్టం, నీకే పట్టకపోతే నాకెందుకు!"

"నాకోసం తిప్పలేదప్పా," అన్నాడు. గొంతు ఆరిపోయి ఉంది, అది ఉపవాసాల్లో ఆఖరి వారం. "నన్ను ఏమనుకుంటే నాకేం. ఈ పేర్లోళ్ళు ఇంట్లో చెప్పకుండా అమ్ముకున్నోళ్ళు శానామంది. ఫోన్లో పెడితే ఎన్ని ఇండ్లల్లో ఎంతమంది పండ్లు రాలాల? నేను ఒకసారి రాలగొట్నాను. చాలు."

నేను అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "అయితే ఇంక అంగడి ఎందుకు?" అని లేచి వచ్చేశాను. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అది. పండక్కి సేమ్యా పంపించాడు. నేను ఇంట్లో లేనని చెప్పించి గిన్నె తీయించుకున్నాను. ఆ గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది.

రామనవమి పందిళ్ళు వేస్తున్న వారంలో, పొద్దున పదకొండుకు, ఆ చేను ఇచ్చిన అక్క మజ్జిగ ఇద్దామని పోయేసరికి ఆయన కట్టెకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళో తుడిచే గుడ్డ. డాక్టరు గుండె అన్నాడు. సరే, గుండే. ఎవరూ ఏమీ చేయలేదు. నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నా, అది నాకు తీర్పులా వినబడదు.

ఖబరస్తాన్‌లో మట్టి కుప్ప మీద ఒక రాయి పెట్టారు. రాయి మీద ఏమీ లేదు. ఎంతమంది పేర్లు కొట్టిన చేతులో అవి. ఆయన ఇంట్లో ఒక్క గ్లాసు మీద కూడా ఆయన పేరు లేదని ఆ రోజు కూతురు చెప్పింది. అందుకే నేనూ ఇక్కడ పెట్టడం లేదు. కూతురికి ఇచ్చిన మాట ఒక్కటే కాదు, అలవాటు లేని చోట ఆయన పేరు కొట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మొన్న ఆదివారం కూతురికి సెలవు. అంగడి తెరిచింది. నన్నూ రమ్మంది. పూలు పోయాయి. చేనంతా పల్చటి గోధుమ రంగు గడ్డి, ముళ్ళు. నడుస్తుంటే విత్తనాలు ప్యాంటుకు అంటుకుంటున్నాయి. ఆ అమ్మాయి పాత్రల్ని ఒక్కొక్కటిగా తుడిచి, తండ్రి వదిలిపెట్టినట్టే, పేర్లు లోపలి వైపుకే పెట్టింది. ఈసారి నేను వాదించకుండా ఒక్కొక్కటీ అందించాను.

చేను అక్క వచ్చింది. బల్ల దగ్గర నిలబడి అన్నిటినీ చూసింది. తన బిందె ఎత్తి, కొంగుతో ఒకసారి తుడిచింది.

"పెద్దమ్మా, వద్దు," అంది కూతురు. "వాళ్ళు మళ్ళా వస్తామన్నారు."

"మిగతావి తిప్పబాకమ్మా. అవి ఎవురివో, వాళ్ళ కష్టం వాళ్ళది," అంది ఆమె. "ఇది నా పేరు. నా చేను. నన్ను కొట్టేవోడు పోయినాడు."

బిందెను బల్ల మధ్యలో పెట్టి, నీళ్ళు నింపి, మూత పెట్టి, దాని మీద చెంబు బోర్లించింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని దాన్ని మెల్లగా తిప్పింది.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. బస్సులు పోతున్నాయి. బల్ల మీద అన్నీ వీపులే, మధ్యలో ఆ ఒక్క బిందె. ఎండ పడినప్పుడల్లా ఆ చుక్కలన్నీ ఒక్కసారిగా వెలిగి, రోడ్డు మీద పోయేవాళ్ళకు ఒక ఆడమనిషి పేరు కనబడుతోంది.